అరచేతిలో మార్కెట్టు

చింతలమెరక పురపాలక సంఘంలో టౌన్ ప్లానింగ్ ఓవర్సీరు గుమ్మళ్ల పాండురంగానికి సిగరెట్టు అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు, లంచం అలవాటు కూడా లేదు. ఈ చివరిదాని వల్ల ఆఫీసులో అతనికి ఎవరూ పెద్దగా పని చెప్పేవారు కాదు. ఖాళీగా ఉన్న మనిషి చేతులు ఊరుకోవు. పాండురంగం చేతులు బొమ్మ ఇటుకలు పట్టుకున్నాయి.

అవి అతని మరదలి కూతురివి. ఆ పిల్ల పెద్దదైపోయి, ప్లాస్టిక్ ఇటుకల సంచీని వీళ్లింట్లో వదిలేసింది. ఒకదాని బొడిపెల మీద ఇంకొకటి నొక్కితే అతుక్కుని కూర్చునే ఇటుకలు. మామూలుగా ఎవరైనా సంచీ అంతా కుమ్మరించి పెద్ద కోట కడతారు. పాండురంగం మాత్రం ఎంత తక్కువ ఇటుకలతో కట్టగలనా అని చూసేవాడు. ఒక గోధుమరంగు ఇటుక మీద తెల్ల పలక పెడితే హెడ్డు పోస్టాఫీసు. ముందు ఒక ఎర్ర బొడిపె గుచ్చితే పోస్టు డబ్బా. అంతే, అయిపోయింది. అరచేతిలో ఇంకా బోలెడు చోటు మిగిలి ఉండేది.

"కిటికీలేవండీ?" అంది భార్య తులసమ్మ మొదటిసారి చూసి.

"కాసేపు చూడు, కనిపిస్తాయి."

తులసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసింది. చూడగా చూడగా ఆమె మొహం విచ్చుకుంది.

"ఓలమ్మో! మేడమీద ఎడమపక్క పగిలిన కిటికీ అద్దం కూడా పెట్టారే!"

పాండురంగం అద్దం కాదు కదా, అసలు కిటికీయే పెట్టలేదు. ఆ బొమ్మలోని ఆనందమంతా అదే. అతను సగమే కడతాడు. తక్కిన సగం చూసేవాళ్లు కట్టుకుంటారు. ఆ రోజు నుంచి తులసమ్మ కూడా పక్కన కూర్చుని "రైల్వే గేటుకి ఆ పసుపుపచ్చది పెట్టండి" అనడం మొదలుపెట్టింది. పప్పు రెండుసార్లు మాడింది. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

అంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. కొత్త కమిషనర్ గారు వచ్చాకే కథ మొదలైంది.

కమలాకరరావు గారు ఉత్సాహవంతులు. ముందు పనిచేసిన ఊళ్లో ఆయన గోడలన్నిటి మీదా సీతాకోకచిలుకల బొమ్మలు వేయించారట. ఆ బొమ్మల కింద ఇంటి నంబర్లు పోయి, అక్కడి పోస్టుమాను ఇప్పటికీ మనుషుల్ని పేరుపెట్టి పిలుచుకుంటూ తిరుగుతున్నాడట. ఆయన ఒకనాడు సెక్షన్ల తనిఖీకి వచ్చి, పాండురంగం బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన చిన్న బొమ్మ ముందు ఆగిపోయారు.

"ఇదేమిటి?"

"మన ఆఫీసండి."

కమిషనర్ గారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి కంటి దగ్గర పెట్టుకున్నారు. ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"ఎంత శుభ్రంగా ఉందయ్యా! మెట్ల మీద కిళ్లీ మరకల్లేవు. వరండాలో క్యూ లేదు. అన్నట్టు, అర్జీలు పట్టుకొచ్చే జనం ఏరీ?"

"ఈ సైజులో మనుషులు పట్టరండి."

"పట్టరా?" అన్నారు కమిషనర్ గారు. ఆ బొమ్మని జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "పట్టణమందలి యావన్మంది ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, పట్టణ పరిపాలనను సమగ్రముగా, సూక్ష్మముగా వీక్షించు నిమిత్తము, పట్టణము యొక్క సూక్ష్మ ప్రతిరూపమును సమావేశ మందిరము నందు నెలకొల్పుటకు నిర్ణయించడమైనది. ఇకపై గృహనిర్మాణ అనుమతి కోరు ప్రతి దరఖాస్తుదారుడూ కాగితపు ప్లానుకు బదులుగా, అరచేతికి మించని ఇటుక నమూనాను సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది."

పాండురంగాన్ని సూక్ష్మ పట్టణ ప్రత్యేకాధికారిగా నియమించారు. సమావేశ మందిరంలో పొడుగు బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు తీసేసి, అతనికి ఇటుకల బస్తాలు తెప్పించారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో చింతలమెరకలో అంత సంతోషంగా ఉన్న ప్రభుత్వోద్యోగి మరొకడు లేడు. పొద్దున్నే వచ్చి పంటకాలవ వేసేవాడు. మధ్యాహ్నానికి గడియారస్తంభం లేచేది. నీలం పలకలతో వేసిన కాలవ మీద గోరంత తెల్లముక్క పెడితే, చూసినవాళ్లు "అదుగో మన బాతులు" అనేవారు. బిల్ కలెక్టర్లు, గుమస్తాలు, నీళ్ల పంపుల ఫిట్టర్లు అందరూ పని మానేసి ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కునేవారు. ఎవరి ఇల్లు వాళ్లకి దొరకగానే చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టేవారు.

ఊళ్లో బొమ్మల కొట్టు ముందు జనం బారులు తీరారు. సర్వేయర్లు, డ్రాఫ్ట్‌మెన్లు తమ బల్లలు ఎత్తి తీసుకొచ్చి ఆ కొట్టు అరుగు మీద వేసుకున్నారు. "ప్రహరీగోడకి సన్నది కావాలా, దొడ్డుది కావాలా?" అని కొట్టువాడే ఇంజనీరులా అడిగేవాడు.

ఇటుకబట్టీల వ్యాపారి నూకరాజు అనుమతి లేకుండా మూడో అంతస్తు వేశాడని ఫిర్యాదు వస్తే, తనిఖీ బృందం సమావేశ మందిరంలోకి వెళ్లి బల్ల చుట్టూ తిరిగింది. బల్ల మీద నూకరాజు మేడకి రెండే అంతస్తులున్నాయి.

"ఫిర్యాదులో వాస్తవం లేదు" అని తేల్చారు.

ఫిర్యాదు చేసిన పక్కింటి మాస్టారు కిటికీలోంచి బయటికి చెయ్యి చూపించి, "అదుగోనండీ, ఇక్కణ్ణించే కనిపిస్తోంది మూడో అంతస్తు!" అని మొత్తుకున్నారు.

"మాస్టారూ," అన్నారు కమిషనర్ గారు మృదువుగా, "అధికారిక పట్టణం లోపలుంది. మీరు బయటికి చూస్తున్నారు."

వర్షాకాలం సన్నాహాలు ఎండాకాలం మొదట్లోనే పూర్తయ్యాయి. పళ్లు తోముకునే బ్రష్షుతో మురుగుకాలవలన్నీ శుభ్రం చేశారు. వరద వస్తే ఎలా ఎదుర్కోవాలన్న కసరత్తులో భాగంగా చెంబుడు నీళ్లు పోసి, రైలుపేట మునిగాక, తుండుగుడ్డతో అద్దేశారు. సహాయక చర్యలు ఇంత వేగంగా పూర్తవడం జిల్లాలో ఇదే మొదటిసారని కమిషనర్ గారికి పైనుంచి ప్రశంస వచ్చింది. తుండుగుడ్డ మాత్రం శానిటరీ ఇన్‌స్పెక్టర్ దేవసహాయానిది. అతను దాన్ని పతకంలా మెళ్లో వేసుకుని వారం రోజులు ఉతకలేదు.

ఇలా ఉండగా కూరగాయల మార్కెట్టు సంగతి వచ్చింది.

చింతలమెరక కూరగాయల మార్కెట్టంటే ఒక ఖాళీ స్థలం. ఎండాకాలం నిప్పుల మీద కూర్చున్నట్టూ, వానాకాలం బురదలో పాతినట్టూ ఉంటుంది. అమ్ముకునే ఆడవాళ్లు నాలుగు వెదురు గడలకి పరదాలు కట్టుకుని కూర్చునేవారు. వాళ్లలో నోరున్న మనిషి ఆకుకూరల వరహాలమ్మ. మార్కెట్టుకి షెడ్డు వేయమని ఆమె అడగని కమిషనర్ లేడు. ఆ ఏడు ఎట్టకేలకి షెడ్డు మంజూరైంది. నిధులు కూడా వచ్చి ఖాతాలో కూర్చున్నాయి.

పద్ధతి ప్రకారం ముందు నమూనా కట్టాలి. పాండురంగం దాన్ని మనసు పెట్టి కట్టాడు. సన్నటి తెల్ల స్తంభాల మీద బూడిదరంగు పలక కప్పు. కింద రకరకాల రంగుల బొడిపెలు. వరహాలమ్మని పిలిపించి చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి వంగింది.

"వంకాయలా ఇవి?"

"అవును. ఆ ఎర్రవి టమాటాలు. ఈ మూల పచ్చ బొడిపె నీ తోటకూర బుట్ట."

"మరి నేనేదీ?"

"బుట్ట వెనకాల చూడు."

వరహాలమ్మ చూసింది. ఆమె మొహంలోని ముడతలన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి.

"ఉన్నానుగా! నీడలో కూకున్నాను. చెమట కూడా లేదు." చిటికెన వేలితో ఆ కప్పు అంచు నిమిరి, "బాగా కట్టేవు నాయనా. మరి మాది ఎప్పుడు కడతారు?" అంది.

పాండురంగం "దీని తరవాత అదే" అన్నాడు. అతను నిజంగానే అలా అనుకున్నాడు.

కమిషనర్ గారు మాత్రం బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పని పూర్తయింది కదా, ప్రారంభోత్సవం పెట్టించండి" అన్నారు.

చైర్‌పర్సన్ భ్రమరాంబ గారొచ్చి, కనుబొమలు కత్తిరించే కత్తెరతో దారం ముక్కని కత్తిరించారు. రెండు బియ్యపు గింజలు అక్షింతలుగా వేశారు. ఒక గింజ పడి షెడ్డు స్తంభం ఒరిగితే, నాణ్యతా లోపం కింద పాండురంగానికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. షెడ్డు పూర్తయినట్టు ధ్రువీకరించారు. నిధులు ఖర్చు కాకుండానే పని ముగించినందుకు కమిషనర్ గారిని సన్మానించారు.

మర్నాడు పొద్దున్నే దేవసహాయం మనుషుల్ని వెంటబెట్టుకుని మార్కెట్టు స్థలానికొచ్చాడు.

"ఈ పరదాలన్నీ పీకేయండి. ఇవి ఆక్రమణలు."

"అదేంటి బాబూ?" అంది వరహాలమ్మ. "ఇన్నేళ్లుగా లేని ఆక్రమణ ఇప్పుడెలా వచ్చింది?"

"ఇన్నాళ్లూ షెడ్డు లేదు కాబట్టి పరదా వేసుకున్నారు. ఇప్పుడు షెడ్డు వచ్చింది. షెడ్డుండగా బయట కూర్చుంటే స్థలాన్ని ఆక్రమించినట్టే. నిబంధన నేను రాసింది కాదమ్మా."

పరదాలు ఊడాయి. రోహిణి కార్తె ఎండ సరాసరి బుట్టల మీద పడింది. గంట తిరక్కుండా తోటకూర వాలిపోయింది, కొత్తిమీర తలలు వేలాడేసింది. నిండు చూలాలైన దోసకాయల సీత కళ్లు తిరిగి చతికిలబడితే, తక్కినవాళ్లు చేటలతో విసిరి నీళ్లు తాగించారు. సాయంత్రానికి సరుకు సగం పెంటకుప్ప మీదికే పోయింది. ఇలా వారం సాగితే వాళ్ల పొయ్యిలు వెలగవు.

రెండో రోజు దేవసహాయం మళ్లీ వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారేం? మార్కెట్టుకి వెళ్లి అమ్ముకోండి!"

వరహాలమ్మ లేచి నిలబడింది. వెటకారం కాదు, ఆమె నిజంగానే విసిగిపోయి అడిగింది. "ఎళ్తాం బాబూ. ఎళ్లమంటే ఎళ్తాం. ఎక్కడుందది?"

దేవసహాయం అబద్ధమాడే మనిషి కాదు. "ఆఫీసులో, మేడమీద, మీటింగు హాల్లో" అన్నాడు.

వరహాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. "ఇన్నారుగా? బుట్టలెత్తండే!"

తలల మీద బుట్టలతో ఆడవాళ్లు బారుగా పురపాలక సంఘం మెట్లెక్కారు. బంట్రోతు అడ్డం పడితే, "మార్కెట్టుకి పోతున్నాం, దారియ్యి" అన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారే పంపారంటే అతను తప్పుకున్నాడు. సమావేశ మందిరంలో ఒక్క బొడిపె కూడా కదలకుండా, బల్ల చుట్టూ వరసగా బుట్టలు దించుకున్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దోసకాయల సీతని ఏసీ కింద కూర్చోబెట్టారు. కాసేపటికి వరహాలమ్మ గొంతు ఆఫీసంతా మార్మోగింది.

"తోటకూరా, పాలకూరా, గోంగూరా! చల్లగా ఉంది రండమ్మా!"

ఊరు ఊరంతా వచ్చింది. పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు వంకాయలు కొనుక్కున్నారు, వంకాయలకొచ్చినవాళ్లు పన్నెంతో కనుక్కున్నారు. జనన మరణాల విభాగం గుమస్తా పొట్లకాయ చంకలో పెట్టుకునే సంతకాలు చేశాడు. తులసమ్మ కూడా సంచీ పట్టుకుని వచ్చి, బేరమాడుతూ మధ్యలో బల్ల మీది తన ఇంటివైపు చూసుకుని మురిసిపోయింది.

కమిషనర్ గారు పరుగెత్తుకొచ్చారు.

"ఏమిటీ అరాచకం! ఇది సమావేశ మందిరం!"

"కాదండి, మార్కెట్టండి," అంది వరహాలమ్మ. "తవరే కదండీ మొన్న ప్రారంభోత్సవం పెట్టించారు? నేను కూడా చూశానండి, ఆ మూల నా బుట్ట కూడా ఉంది."

"అది నమూనా!"

"అయితే నిజంది ఎక్కడుందండీ?"

కమిషనర్ గారు నోరు తెరిచారు. నిజంది లేదంటే ధ్రువీకరణ అబద్ధమవుతుంది, సన్మానం శాలువా వెనక్కివ్వాలి. ఉందంటే అది ఇక్కడే ఉంది. చుట్టూ మూగిన గుమస్తాలు తలలు దించుకుని చిక్కుడుకాయలు ఏరుకోసాగారు.

"సదరు విక్రయదారులు," అన్నారు ఆయన చివరికి, "మార్కెట్టు ఆవరణలోనే విక్రయిస్తున్నట్టు గుర్తించడమైనది."

ఆడవాళ్లు ఈలలు వేశారు.

ఆ వారమే కౌన్సిలు సమావేశం. మందిరం లేదు. పురపాలక సంఘం ఆస్తుల్లో ఖాళీగా ఉన్న స్థలం ఒకటే ఉంది, మార్కెట్టు మైదానం. కుర్చీలు అక్కడ వేశారు. చైర్‌పర్సన్ గారు రాగానే పైకి చూశారు.

"షామియానా ఏదండీ?"

"అది సాధ్యపడదు మేడమ్," అన్నారు కమిషనర్ గారు. "రికార్డుల ప్రకారం మనం ఇప్పుడు షెడ్డు కింద ఉన్నాం. షెడ్డు కింద షామియానా వేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

"మరి గొడుగులు?"

"కప్పు కింద గొడుగు వేసుకుంటే షెడ్డు కారుతోందని అంగీకరించినట్టవుతుంది."

భ్రమరాంబ గారు కొంగు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. కౌన్సిలర్లు అజెండా కాగితాలు టోపీల్లా మడిచి పెట్టుకున్నారు. బట్టతల ఉన్న ఏడో వార్డు కౌన్సిలరు మాట్లాడటానికి లేచి, "అధ్యక్షా, ఈ మండే సమస్య" అంటూనే మళ్లీ కూర్చున్నాడు. ఇనపకుర్చీ కాలి వెంటనే మళ్లీ లేచాడు. అలా ఆయన లేస్తూ కూర్చుంటూ ఉంటే, చర్చలో చురుగ్గా పాల్గొన్నట్టు నమోదు చేశారు. ఎక్కణ్ణించో ఒక గేదె వచ్చి అధ్యక్షుల బల్ల నీడలో పడుకుంది. దాన్ని లేపే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇద్దరు సభ్యులు దాని నీడ వైపు కుర్చీలు జరుపుకున్నారు.

"ఏవండీ కమిషనర్ గారూ," అన్నారు భ్రమరాంబ గారు, మొహం తుడుచుకుంటూ. "షెడ్డు వేసేయండి. ఈ క్షణం."

"వేశాం కదా మేడమ్. వేసినదాన్ని మళ్లీ ఎలా వేస్తాం? ఒకే పనికి రెండుసార్లు..."

"అయితే నేనిక్కడే వేగిపోవాలా?"

ఎండ నెత్తిమీదికొచ్చింది. అప్పుడు వెనక వరసలో నిలబడ్డ పాండురంగం చెయ్యెత్తాడు. సర్వీసు మొత్తంలో అతను సమావేశంలో మాట్లాడటం అదే మొదలు. వరహాలమ్మ కప్పు అంచు నిమిరిన వేలు గుర్తొచ్చి ఆగలేకపోయాడు.

"సార్, కొత్తది వేయక్కర్లేదండి. ఉన్న నమూనాని కాస్త పెద్దది చేసుకోవచ్చండి."

కమిషనర్ గారి కళ్లల్లో వెలుగొచ్చింది. ఉత్సాహవంతుడికి కొత్త ఉత్సాహం దొరికినప్పుడు వచ్చే వెలుగు అది.

"నమూనా విస్తరణ! నిబంధనలు అడ్డుపడవు. ఎంత పెద్దది చేద్దాం?"

"వరహాలమ్మ పట్టేంతండి."

మైదానం చుట్టూ కంచె పట్టుకుని చూస్తున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. చైర్‌పర్సన్ గారు నవ్వు ఆపుకోలేక, "తీర్మానం! ఏకగ్రీవం!" అని చేత్తో బల్ల మీద కొట్టి, చెయ్యి కాలి కెవ్వుమన్నారు. గేదె కూడా లేచి నిలబడింది. దాన్ని ఎవరూ లెక్కించలేదు.

ఖాతాలో నిధులు కదలకుండా ఉన్నాయి కాబట్టి పని చకచకా సాగింది. పాండురంగం రోజూ మైదానంలోనే ఉండేవాడు. ఇటుకలు బరువుగా ఉన్నాయనీ, ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కోవనీ, మధ్యలో సిమెంటు కావాలనీ అతను రోజూ ఆశ్చర్యంగా ఇంటికొచ్చి చెప్పేవాడు. తులసమ్మ "మరి అదేనండీ మీ ఉద్యోగం" అని నవ్వేది. మొదటి వాన పడే సమయానికి తెల్ల స్తంభాల మీద బూడిదరంగు రేకుల కప్పు లేచింది. వాన చప్పుడు రేకుల మీద వింటూ అతను ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి, ఎందుకో తెలియకుండానే కళ్లు తుడుచుకున్నాడు.

దోసకాయల సీత చంటిబిడ్డని ఆ షెడ్డులోనే ఉయ్యాల్లో వేసింది. సమావేశ మందిరం ఖాళీ అయింది, కాకపోతే అక్కడ కొత్తిమీర వాసన ఇంకా పోలేదంటారు. కమలాకరరావు గారికి పెద్ద పట్నానికి బదిలీ అయింది. ఆయన బల్ల మీది చింతలమెరకని కూడా తీసుకెళ్లబోతే, ఊరి జనం ఊరుకోలేదు. ఎవరి ఇల్లు వాళ్లు తీసి ఇళ్లకి పట్టుకెళ్లి అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు.

షెడ్డుకి రికార్డుల ప్రకారం ఒక బోర్డు పెట్టాల్సి వచ్చింది. దేవసహాయం స్వయంగా నిచ్చెనెక్కి మేకులు కొట్టాడు. "చింతలమెరక కూరగాయల మార్కెట్ యొక్క విస్తృత నమూనా. ప్రదర్శన నిమిత్తం మాత్రమే. చేతులతో తాకరాదు."

వరహాలమ్మ దాన్ని పక్కవాళ్లచేత చదివించుకుని, తలూపింది.

"తాకనులే బాబూ," అంది. "తగిలిస్తానంతే."

బోర్డు మేకుకి వెల్లుల్లిపాయల దండ తగిలించి, తోటకూర మీద నీళ్లు చల్లుకుంది.